ఏ పని ముందు, ఏ పని వెనుక?

పంచాయతీ కార్యాలయమునకు వచ్చు అర్జీలను ఒకచోట పేర్చి చూచినచో ఒక సంగతి వెంటనే తెలియును. ఒక వార్డువారు మురుగు కాలువ కోరుదురు. మరియొక వార్డువారు సిమెంటు రోడ్డు కోరుదురు. ఊరి చివరి కాలనీవారు కుళాయి నీరు చాలదందురు. శ్మశానమునకు దారి లేదని ఒకరు, బడికి ప్రహరీ గోడ లేదని ఒకరు, వీధి దీపములు వెలుగుట లేదని ఒకరు వ్రాయుదురు. వీనిలో అక్కరలేని పని ఒక్కటియు ఉండదు. కాని చేతిలోనున్న పైకము రెండు మూడు పనులకు మించి చాలదు. కావున ఏ పని ముందు చేయవలెను, దేనిని వెనుకకు నెట్టవలెను అని తేల్చుటయే పంచాయతీ సభ్యునికి పెద్ద చిక్కు.

ఈ చిక్కును తీర్చుటకు సామాన్యముగా నాలుగు దారులు కనబడును. గట్టిగా అడిగినవారికి ముందు చేయుట ఒకటి. పలుకుబడి గల పెద్దల వీధిని ముందు బాగుచేయుట రెండవది. కంట్రాక్టరుకు అనువైన పనిని ఎత్తుకొనుట మూడవది. ఈ మూడును సరికావని అందరును ఒప్పుకొందురు. నాలుగవ దారి మాత్రము పైకి ధర్మముగా కనబడును. ఉన్న పైకమును వార్డులన్నింటికి తలా ఇంత అని సమముగా పంచివేయుటయే అది. దీనివలన తగవు ఉండదు గాని పనియు ఉండదు. పది ముక్కలుగా కోసిన పైకముతో ప్రతి వార్డులోను ఇరువది గజముల కాలువ తయారగును. అందులోని నీరు పోవుటకు తావు లేక వీధి మధ్యనే నిలుచును. మేము పర్యటనలలో ఇట్టి కాలువలను చాల చూచితిమి.

ఒక గ్రామసభలో మేము కూర్చుండియుండగా నలువదికి పైగా పనుల జాబితాను చదివి వినిపించిరి. ప్రతి పనికి చప్పట్లు మ్రోగినవి. తీర్మానము ఏకగ్రీవముగా నెగ్గినది. సభ ముగిసిన పిదప ఒక వృద్ధురాలు మా వద్దకు వచ్చి, "మా కాలనీ కుళాయి ఇందులో ఎన్నోది బాబూ?" అని అడిగినది. ఆ పని జాబితాలో కలదు. అది ఎన్నవదియో చెప్పగలవారు మాత్రము ఆ సభలో ఎవ్వరును లేరు.

ఆ వృద్ధురాలి ప్రశ్నకు అంకెతో జవాబు చెప్పగల ఏర్పాటును ఒక నగరము చేసికొన్నది. ఆ నగరము దక్షిణ అమెరికాలోని బ్రెజిలు దేశములోనిది. దాని పేరు పోర్టో అలెగ్రే. పోర్చుగీసు భాషలో ఈ పేరునకు 'ఆనందపు రేవు' అని అర్థము. 1990లలో అక్కడి జనసంఖ్య సుమారు 13 లక్షలు. అంత పెద్ద నగరమునకును మన గ్రామమునకును పోలిక యేమని సందేహము కలుగవచ్చును. నగరము పెద్దదైనను అక్కడ పనులు అడిగినవారు మన కాలనీల వారి వంటివారే. వారు అడిగినవియు మురుగు కాలువ, కుళాయి, వీధిలో రోడ్డు మొదలగునవే.

మొదటి సంవత్సరపు భంగపాటు

1988లో బ్రెజిలు దేశమునకు క్రొత్త రాజ్యాంగము వచ్చినది. దానివలన పురపాలక సంస్థలకు అధికారములును రాబడియు పెరిగినవి. అదే సంవత్సరాంతమున జరిగిన ఎన్నికలలో పోర్టో అలెగ్రేలో కార్మిక పక్షము గెలిచి, ఒలివియో దూత్రా అను ఆయన మేయరు అయ్యెను. నగర బడ్జెట్టులో క్రొత్త పనులకు కేటాయించు సొమ్మును ఎట్లు ఖర్చు పెట్టవలెనో ప్రజలే సభలు జరుపుకొని నిర్ణయింతురని 1989లో ఆ పాలకవర్గము ప్రకటించెను. దీనికి 'ప్రజా భాగస్వామ్య బడ్జెట్టు' అని పేరు వచ్చినది.

ప్రజలు వచ్చిరి, అడిగిరి. వందలకొలది పనులు జాబితాకెక్కినవి. ఖజానా చూడగా రాబడిలో దాదాపు అంతయు ఉద్యోగుల జీతములకే సరిపోవుచుండెను. పాత పాలకవర్గము మిగిల్చిపోయిన బాకీలు వేరుగా ఉండెను. ఆ సంవత్సరము కోరిన పనులలో చాల భాగము మొదలు కూడ కాలేదు. ఫలితము మరుసటి సంవత్సరమే కనబడినది. 1990లో ప్రాంతీయ సభలకు వచ్చినవారు నగరమంతటను కలిపి వేయిమందికి లోపే. పిలిచి, అడిగి, వ్రాసికొని, చేయనిచో మరల పిలిచినపుడు జనము రారు. గ్రామసభకు జనము వచ్చుట లేదని విచారించు సభ్యులు ఈ అంకెను ఒకసారి తలచుకొనుట మంచిది.

అప్పుడు పాలకవర్గము రెండు పనులు చేసెను. మొదటిది రాబడిని చక్కబరచుట. ఇంటిపన్నును సవరించి, ఎక్కువ విలువ గల ఆస్తిపై ఎక్కువ పన్ను పడునట్లు చేసిరి. బాకీలను వసూలు చేసిరి. క్రమముగా జీతముల వాటా తగ్గి పనులకు సొమ్ము మిగిలెను. రెండవది, సభలు జరుగుటకు ముందే క్రొత్త పనులకు ఎంత సొమ్ము ఉండగలదో ప్రజలకు చెప్పుట. పైకము ఎంతో తెలియక పనుల జాబితా వ్రాయుట వలననే మొదటి సంవత్సరము భంగపాటు కలిగినదని వారు గ్రహించిరి. ఇచ్చిన మాట నెరవేరుట మొదలైన తరువాత హాజరు మరల పెరిగి, 1990ల చివరకు పదివేలు దాటినది.

సంవత్సరమంతయు సాగు పని

నగరమును 16 ప్రాంతములుగా విభజించిరి. 1994 నుండి ప్రాంతములతోబాటు విషయములను బట్టియు ఐదు సభలు ఏర్పడినవి. రవాణా, ఆరోగ్యము, విద్య మొదలగు విషయములు ఊరి కంతటికిని చెందినవి గనుక వానిని ఒక ప్రాంతపు సభలో తేల్చుట కుదరదు.

1990లలో నడచిన పద్ధతి ప్రకారము ఏటేట మార్చి, ఏప్రిలు నెలలలో మొదటి విడత సభలు జరుగుచుండెను. మేయరును అధికారులును ఆ సభలకు వచ్చి, ముందుగా కిందటి సంవత్సరపు లెక్క చెప్పవలెను. ఒప్పుకొన్న పనులలో ఏవి అయినవి, ఏవి కాలేదు, ఎందుచేత కాలేదు అను ప్రశ్నలకు ప్రజల యెదుట నిలిచి జవాబీయవలెను. తరువాత చిన్న చిన్న సభలు ఇరుగుపొరుగు వాడలలో జరుగును. అక్కడ తమ వీధికి ఏమి కావలెనో జనము మాటలాడుకొని వరుస కట్టుదురు. జూను, జూలై నెలలకు రెండవ విడత సభలు ముగిసి, ప్రాంతమునకు ఇద్దరు చొప్పున 32 మంది, విషయ సభలకు ఇద్దరు చొప్పున 10 మంది ఎన్నికగుదురు. వాడ సంఘముల సమాఖ్య నుండి ఒకరు, పురపాలక ఉద్యోగుల సంఘము నుండి ఒకరు వారితో చేరుదురు. ఇట్లు 44 మందితో బడ్జెట్టు మండలి ఏర్పడును. ప్రభుత్వము పక్షమున ఇద్దరు కూర్చుందురు గాని వారికి ఓటు లేదు. మండలి సభ్యుని పదవి ఒక సంవత్సరము. వెంటనే మరియొక్కసారి మాత్రమే ఎన్నిక కావచ్చును. జీతము లేదు. సరిగా పని చేయనివానిని ఎన్నుకొన్నవారే మధ్యలో దించివేయవచ్చును.

ప్రతి ప్రాంతములోను ఈ ఇద్దరు గాక ప్రతినిధులు మరికొందరుందురు. సభకు హాజరైనవారి సంఖ్యను బట్టి వారి సంఖ్య నిర్ణయమగును. ఇందులో ఒక మెలిక గలదు. హాజరు పెరిగిన కొలది ప్రతినిధుల సంఖ్యయు పెరుగును గాని, అదే నిష్పత్తిలో పెరుగకుండునట్లు కొంతకాలము నియమము పెట్టుకొనిరి. లారీలలో జనమును తోలి తెచ్చిన వాడ పెత్తనము చేయకుండ ఇది అడ్డుపడినది. జన సమీకరణమన్నది మనకు మాత్రమే తెలిసిన విద్య కాదు.

ప్రతినిధులు ఓటు వేయుటకు ముందు ఇంకొక పని చేయుచుండిరి. ఒక బస్సులో అందరును ఎక్కి, ప్రాంతములో కోరిన పనుల తావులన్నియు తిరిగి చూచుచుండిరి. తన వీధి బురదయే లోకములోకెల్ల పెద్ద బురద అని నమ్మియున్నవాడు పొరుగు వాడకు పోయి, అక్కడ పిల్లలు మురుగు దాటి బడికి పోవుట చూచిన పిదప, తన కోరికను రెండవ స్థానమునకు దించుకొన్న సందర్భములు కలవని చెప్పుదురు. మన వార్డు సభ్యులు ఒక ప్రొద్దుట కలిసి ఊరంతయు నడచివచ్చుటకు బస్సు కూడ అక్కరలేదు.

తూకము

ఇక ముఖ్య విషయము. నగరమంతటికిని కలిపి సొమ్ము ఒక్కటే. ప్రాంతములు పదునారు. ఏ ప్రాంతమునకు ఎంత?

దీనికి పోర్టో అలెగ్రేవారు రెండు మెట్లలో లెక్క కట్టిరి. మొదటి మెట్టులో ప్రతి ప్రాంతమును మురుగు పారుదల, ఇండ్లు, రోడ్లు, విద్య, ఆరోగ్యము మొదలగు పద్దులలో తనకు ముఖ్యమైన నాలుగింటిని వరుసగా చెప్పును. మొదటి దానికి 4 మార్కులు, రెండవదానికి 3, మూడవదానికి 2, నాలుగవదానికి 1. పదునారు ప్రాంతముల మార్కులను కూడగా ఏ పద్దుకు ఎక్కువ వచ్చునో, నగరము ఆ సంవత్సరము దానికి ఎక్కువ సొమ్ము కేటాయించును. రెండవ మెట్టులో ఆ పద్దుకు వచ్చిన సొమ్మును, లేక ఆ సంవత్సరము వేయదగిన రోడ్డు పొడవును, ప్రాంతముల మధ్య పంచుదురు. ఈ పంపకమునకు వారు మూడు కొలతలను తీసికొనిరి. ఆ వసతి ఆ ప్రాంతములో ఎంత కొరతగా ఉన్నది? ప్రాంతమువారు దానిని ఎన్నవ కోరికగా చెప్పిరి? ప్రాంతపు జనసంఖ్య ఎంత? మొదటి రెండింటికి ఎక్కువ బరువు, జనసంఖ్యకు తక్కువ బరువు ఇచ్చిరి. బరువులు ఎంతెంత ఉండవలెనో మండలియే చర్చించి నిర్ణయించుచు, అనుభవమును బట్టి మార్చుచు వచ్చినది. మార్చినను, సభలు మొదలగుటకు ముందే ఆ నియమములు అచ్చయి అందరి చేతిలోను ఉండెడివి. అర్జీలు వచ్చిన తరువాత కొలబద్దను తయారుచేసినచో, ఎవరి అర్జీకి సరిపోవునట్లు దానిని కోసిరో అను అనుమానము తప్పదు.

ఈ లెక్క వినుటకు కష్టముగా తోచవచ్చును. ఒక పంచాయతీని ఊహించి చూతము. మూడు వార్డులు గలవనుకొందము. మురుగు కాలువలకు 8,40,000 రూపాయలున్నవి. కొరతకు బరువు 4, కోరికకు 4, జనసంఖ్యకు 2 అని పెట్టుకొందము. ప్రతి కొలతకును 1 నుండి 4 వరకు మార్కులు.

బజారు వార్డులో 1,200 మంది ఉన్నారు. జనసంఖ్యకు 4 మార్కులు, బరువు 2, మొత్తము 8. అక్కడ నూటికి పది ఇండ్లకు మాత్రమే కాలువ లేదు. కొరతకు 1 మార్కు, బరువు 4, మొత్తము 4. కాలువ వారికి మూడవ కోరిక; 2 మార్కులు, బరువు 4, మొత్తము 8. అన్నియు కలిపి 20.

చెరువు కట్ట వార్డులో 900 మంది. మార్కులు 3, బరువుతో 6. నూటికి అరువది ఇండ్లకు కాలువ లేదు. మార్కులు 3, బరువుతో 12. కాలువ రెండవ కోరిక. మార్కులు 3, బరువుతో 12. మొత్తము 30.

ఊరి చివరి కాలనీలో 300 మంది మాత్రమే. మార్కు 1, బరువుతో 2. నూటికి ఎనుబది ఇండ్లకు కాలువ లేదు. మార్కులు 4, బరువుతో 16. కాలువయే వారి మొదటి కోరిక. మార్కులు 4, బరువుతో 16. మొత్తము 34.

మూడు వార్డులకు కలిపి 84 మార్కులు. ఒక్కొక్క మార్కుకు 10,000 రూపాయలు వచ్చును. బజారు వార్డుకు 2,00,000, చెరువు కట్ట వార్డుకు 3,00,000, కాలనీకి 3,40,000 రూపాయలు. ఇదే సొమ్మును తలసరి పంచియుండినచో బజారు వార్డుకు 4,20,000, కాలనీకి 1,05,000 మాత్రమే వచ్చెడివి. సమముగా పంచినచో ఒక్కొక్కదానికి 2,80,000. మూడు విధములును లెక్కలే. ఏ లెక్కకైనను అంకగణితములో తప్పు లేదు. కాని వానిలో కాలువ లేని ఇంటిని లెక్కలోనికి తెచ్చినది ఒక్కటే.

బజారు వార్డు సభ్యుడు దీనికి ఒప్పుకొనునా? మొదట ఒప్పుకొనడు. మా జనము నాలుగింతలు, మా పన్ను ఎక్కువ, మాకు తక్కువ యేమని అడుగును. ఆయన అడుగుట న్యాయమే. అందుచేతనే జనసంఖ్యను పూర్తిగా తీసివేయక తక్కువ బరువుతో ఉంచిరి. ఆయనకు చెప్పదగిన సమాధానము ఇంకొకటి గలదు. కాలనీలో ఈ సంవత్సరము కాలువలు పడినచో, వచ్చు సంవత్సరము అక్కడి కొరత నూటికి ఎనుబది నుండి తగ్గును. దానితో మార్కులును తగ్గును. ఈ తూకములో ఏ వార్డును శాశ్వతముగా ముందుండదు. బజారువారు రోడ్డును మొదటి కోరికగా చెప్పి, అక్కడ రోడ్డు నిజముగా పాడైయున్నచో, రోడ్డు పద్దులో వారికి ఎక్కువ వచ్చును. కావలసినవానినన్నిటిని మొదటివి అని చెప్పుటకు మాత్రము ఎవ్వరికిని వీలు లేదు. మొదటి స్థానము ఒక్కటే గనుక, తమకు నిజముగా ఏది ముఖ్యమో వార్డువారు తమలో తామే తేల్చుకొనవలసి వచ్చును. తగవులో సగము అక్కడనే తీరును.

అయితే కొరతను నూటికి ఇంత అని చెప్పుటకు లెక్క ఉండవలెను. ఏ వీధిలో ఎన్ని ఇండ్లు, ఎన్నింటికి కుళాయి, ఎన్నింటికి కాలువ అను వివరము లేనిచో ఈ తూకము నిలువదు. ఊహించి వ్రాసిన అంకెతో తూచుట కంటె అసలు తూచకుండుటయే మేలు.

ఇంజనీరు మాట

ప్రజలు కోరినంత మాత్రమున ప్రతి పనియు చేయదగినది కాదు. కొండచరియ విరిగిపడు తావులోనో, వరద మునుగు పల్లములోనో కట్టడము కోరవచ్చును. భూమి ఎవరిదో తేలని చోట పని కోరవచ్చును. పోర్టో అలెగ్రేలో ఇట్టివానిని ఇంజనీర్లు పరిశీలించి, కుదరనిచో కుదరదని చెప్పుచుండిరి. కాని ఏ కారణములపై కాదనవచ్చునో ఆ నియమములు కూడ ముందే ప్రకటింపబడవలెనని ప్రజలు పట్టుబట్టిరి. అధికారి నోటి మాటగా 'వీలు కాదు' అనుట చెల్లలేదు. మేము ప్రభుత్వోద్యోగులమైనను ఈ పట్టుదల సమంజసమే అని ఒప్పుకొనక తప్పదు.

ఇట్లు తయారైన బడ్జెట్టును మేయరు సెప్టెంబరు చివరకు నగరసభకు పంపును. నగరసభ నవంబరు చివరకు ఆమోదింపవలెను. చట్టము ప్రకారము తుది అధికారము ఎన్నికైన నగరసభదే. మార్చుటకు వారికి హక్కు కలదు. వేలమంది కూర్చుండి కట్టిన వరుసను మార్చుటకు మాత్రము సభ్యులు సామాన్యముగా సాహసింపలేదు. ఆమోదము పొందిన పనులన్నియు ఒక చిన్న పుస్తకముగా అచ్చగును. ఏ ప్రాంతములో ఏ వీధికి ఏ పని, ఎంత సొమ్ముతో అన్నది అందులో ఉండును. ఆ పుస్తకమును చేతబట్టుకొని వాడవారు పని జరుగు చోటికి పోయి అడుగుచుండిరి.

ఫలితము, తరువాతి కథ

ప్రపంచ బ్యాంకు చెప్పిన లెక్క ప్రకారము, 1988లో నగరములోని ఇండ్లలో నూటికి 75 ఇండ్లకు నీటి, మురుగు వసతి ఉండగా 1997 నాటికి అది 98కి పెరిగినది. 1996లో ఇస్తాంబులులో జరిగిన ఐక్యరాజ్య సమితి నివాస సమావేశము ఈ పద్ధతిని ఆదర్శప్రాయమైన వానిలో ఒకటిగా గుర్తించెను. సభలకు వచ్చినవారిలో స్త్రీలు దాదాపు సగమైరి. అయినను మాటలాడుటలో పురుషులదే పైచేయిగా ఉండెననియు, కటిక పేదలు రాలేకపోయిరనియు పరిశీలించినవారు వ్రాసిరి. దినకూలి మానుకొని సభకు వచ్చుట అందరికిని సాధ్యము కాదు. సభ ఏ వేళకు పెట్టవలెనన్నది అందుచేత చిన్న విషయము కాదు.

ఈ కథలో తరువాతి భాగమును దాచుట మాకు ఇష్టము లేదు. పదునారు సంవత్సరముల పిదప, 2004 ఎన్నికలలో ఆ పక్షము ఓడిపోయినది. 2005 నుండి వచ్చిన పాలకవర్గములు సభలను కొనసాగించినవి గాని, వానికి ఇచ్చు సొమ్మును, శ్రద్ధను తగ్గించినవి. ఒప్పుకొని చేయని పనులు పేరుకొనినవి. 2017లో ఆర్థిక ఇబ్బందులను చూపి సభలనే కొంతకాలము నిలిపివేసిరి. 1990లో ప్రజలు రాకపోవుటకు ఏది కారణమైనదో, చివరకు అదే మరల జరిగినది. తూకము ఎంత చక్కనిదైనను, త్రాసులో వేయుటకు సొమ్ము లేనిచో అది గోడకు వ్రేలాడు వస్తువగును.

మన పంచాయతీలలో

మన దేశములో 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిలు 24 నుండి అమలులోనికి వచ్చి గ్రామసభకు రాజ్యాంగములో స్థానము కల్పించినది. ఆంధ్ర ప్రదేశములో 1994 పంచాయతీరాజ్ చట్టమును, తెలంగాణములో 2018 పంచాయతీరాజ్ చట్టమును దీనికి ఆధారములు. కేరళలో 1996లో మొదలైన ప్రజా ప్రణాళికోద్యమము, రాష్ట్ర ప్రణాళికా నిధులలో నూటికి 35 నుండి 40 వరకు స్థానిక సంస్థలకు అప్పగించి, ముందు సొమ్ము చెప్పి తరువాత పనులడుగు పద్ధతిని అనుసరించినది. 2018 అక్టోబరు 2న మొదలైన ప్రజా ప్రణాళికా ప్రచారము తరువాత, ప్రతి గ్రామ పంచాయతీయు గ్రామసభలో చర్చించి వార్షిక అభివృద్ధి ప్రణాళికను సిద్ధము చేయుట దేశమంతటను అలవాటైనది.

సొమ్ములో కొంత భాగమునకు పద్దులు ముందే నిర్ణయమైయుండును. 15వ ఆర్థిక సంఘము గ్రాంటులలో 2021-22 నుండి 2025-26 వరకు నూటికి 60 వంతులు త్రాగునీటికిని పారిశుద్ధ్యమునకును కట్టుబడినవి. మిగిలిన 40 వంతులు పంచాయతీ ఇష్టమునకు వదలినను జీతములకు వాడరాదు. కట్టుబడిన భాగమును మాత్రము తూకము వేయ నక్కరలేదని కొందరు సభ్యులు అనుకొందురు. నీటికని సొమ్ము కట్టుబడియున్నను, ఏ వీధి నీటికి అన్నది పంచాయతీయే తేల్చవలెను. ఆ వృద్ధురాలి ప్రశ్న అక్కడను ఉన్నది.

ఈ పద్ధతిని ప్రయత్నింపదలచిన పంచాయతీ పెద్ద యంత్రాంగము ఏర్పరచుకొన నక్కరలేదు. ఒక సంవత్సరమునకు ఒక్క పద్దును, మురుగు కాలువలనో వీధి దీపములనో, తీసికొని తూచి చూచినచో చాలును. వీధుల వారీ లెక్కను సభ్యులు, కార్యదర్శి కలిసి నాలుగైదు దినములలో తీయవచ్చును. బరువులెంతో గ్రామసభలో చదివి, చర్చించి, తీర్మానము చేసి, అర్జీలు పుచ్చుకొనుటకు ముందే కార్యాలయపు గోడపై అంటించవలెను. వార్డు సభలను మధ్యాహ్నము పెట్టక, పొలము పనులనుండి జనము తిరిగివచ్చిన పిదప పెట్టవలెను. మార్కులు వేయునపుడు ప్రతి వార్డునుండియు ఇద్దరైనను, అందులో ఒక స్త్రీ, దగ్గరనుండి చూడవలెను. జాబితాలో చేరని పనులను కూడ వాని మార్కులతో సహా వ్రాసి పెట్టవలెను. తమ పని ఎన్నవదియో, ఎన్ని మార్కుల దూరములో ఆగినదో వారికి తెలియవలెను.

పనుల రిజిష్టరులో సామాన్యముగా పని పేరు, అంచనా, ఖర్చు అను గడులుండును. వానికి చివర ఇంకొక గడి గీసికొని, 'కానిచో ఎందుచేత' అని తల వ్రాసికొనవచ్చును. వచ్చు గ్రామసభ నాడు క్రొత్త అర్జీలను తెరువక ముందు, కార్యదర్శి మొదట చదువవలసినది ఆ గడియే.